నీళ్లు, మరుగుదొడ్డి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంట్లో నీటి వాడకం గురించి గత సంచికలో వచ్చిన వ్యాసం చదివి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహాన్ని వేర్వేరు మాటల్లో అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా కుదించాం.

ప్రశ్న: పాత ఫ్లష్ ట్యాంకు తీసేసి, రెండు మీటలున్న కొత్తది పెట్టించి ఏడాది దాటింది. నీళ్లు సగానికి సగం ఆదా అవుతాయని చెప్పారు. మీటరు చూస్తే తగ్గకపోగా కొన్ని నెలల్లో పెరిగింది కూడా. లోపం మా వాడకంలో ఉందా, ట్యాంకులో ఉందా?

జవాబు: ముందు ట్యాంకునే అనుమానించండి. 1980లో ఆస్ట్రేలియాలో కరోమా సంస్థ ఇలాంటి ట్యాంకును తెచ్చినప్పుడు పెద్ద మీటకు 11 లీటర్లు, చిన్న మీటకు 5.5 లీటర్లు దిగేవి. ఇప్పుడు సాధారణంగా 6, 3 లీటర్లు దిగుతాయి. ఒక మనిషి రోజుకు ఐదుసార్లు మరుగుదొడ్డికి వెళ్లి, అందులో ఒక్కసారే పెద్ద మీట నొక్కాడనుకుంటే రోజుకు 18 లీటర్లు చాలు. అదే 13 లీటర్ల పాత ట్యాంకయితే 65 లీటర్లు పోతాయి. అంటే నలుగురున్న ఇంట్లో రోజుకు 188 లీటర్లు మిగలాలి. మీకు చెప్పినవారి లెక్క తప్పు కాదు, కాకపోతే ఆ లెక్కలో కారడం అనే పద్దు లేదు.

ఈ ట్యాంకుల్లో చాలావాటికి అడుగున ఒక రబ్బరు వాషరు ఉంటుంది. మీట నొక్కితే అది పైకి లేస్తుంది, వదిలితే తిరిగి తన గూటిలో కూర్చుంటుంది. దాని మీద సున్నపు పొర పేరుకున్నా, కింద ఒక ఇసుక రేణువు చిక్కుకున్నా, రబ్బరు కాస్త వంకర పోయినా ఆ గూడు పూర్తిగా మూసుకోదు. బ్రిటన్ అనుభవం ఈ విషయంలో గమనించదగ్గది. అక్కడ 2000 సంవత్సరం చివరి వరకూ సైఫన్ ట్యాంకులను మాత్రమే అనుమతించేవారు. సైఫన్‌లో నీరు ఒక వంపు ఎక్కి అవతలికి దిగాలి కనుక, మీట నొక్కకుండా కారడమన్నది దాదాపుగా ఉండదు. 2001 నుంచి అడుగున వాల్వు ఉండే ట్యాంకులనూ అనుమతించారు. నీరు ఆదా చేయడానికి తెచ్చిన ఆ ట్యాంకులే కారడం మొదలుపెడితే ఒక్కొక్కటి రోజుకు 200 నుంచి 400 లీటర్లు పోగొడుతుందని అక్కడి నీటి సరఫరా సంస్థలు తరువాత అంచనా కట్టాయి. పైన చెప్పిన 188 లీటర్ల ఆదా అంతా ఈ కారడంలోనే కొట్టుకుపోతుంది, పైగా ఎదురు ఖర్చు కూడా.

పరీక్ష చాలా తేలిక. రాత్రి అందరూ పడుకున్నాక ట్యాంకు మూత తీసి, బట్టలకు వాడే నీలం నాలుగు చుక్కలు వేసి, అరగంట వరకు ఎవరూ మీట ముట్టుకోకుండా చూడండి. ఆ తరువాత టార్చిలైటు వేసి కమోడ్ లోపలి వెనుక గోడను చూడండి. ఈ మధ్య ఒక ఇంట్లో ఈ పరీక్ష చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నీరు కారుతున్న చప్పుడు లేదు, కమోడ్ అడుగున నీటిలో చిన్న కదలిక కూడా లేదు. పింగాణీ మీద మాత్రం పైనుంచి కిందికి వెంట్రుకంత సన్నని నీలిగీత ఒకటి కనిపించింది. ఇంటివారు ఏడాదిగా దాన్ని చూడలేదంటే వారి తప్పేమీ లేదు, రంగు వేయకపోతే అది కనిపించదు.

రంగు దిగకపోయినా ట్యాంకులోని నీటి మట్టాన్ని ఒకసారి చూడండి. ఫ్లోటును మరీ ఎత్తుగా బిగిస్తే ఎక్కువైన నీరు ఓవర్‌ఫ్లో గొట్టం గుండా నిరంతరం దిగిపోతూనే ఉంటుంది. మట్టం ఆ గొట్టం అంచుకు రెండు వేళ్ల వెడల్పు కిందనే ఉండాలి. ఈ రెండూ సరిగా ఉన్నాయని తేలాకే వాడకం సంగతి ఆలోచించండి. ఏ మీట దేనికో తెలియక అతిథులు రెండూ కలిపి నొక్కడం నిజమే కానీ, దానివల్ల మీటరు ఇంతగా పెరగదు.

ప్రశ్న: ఫ్లష్ ట్యాంకులో ఇటుక పెడితే ప్రతిసారీ ఆ మేరకు నీరు మిగులుతుందంటారు. పెట్టవచ్చా?

జవాబు: ఇటుక వద్దు. నీళ్లలో నాని అది పొడిపొడిగా రాలుతుంది, ఆ రజను పోయి వాషరు కింద చేరుతుంది, పై జవాబులో చెప్పిన కారడం మొదలవుతుంది. ట్యాంకు పాతది, పెద్దది అయితే ఒక లీటరు సీసాను నీళ్లతో నింపి, మూత గట్టిగా బిగించి, ఫ్లోటుకు తగలకుండా ఒక మూలన నిలబెట్టండి. 6 లీటర్ల ట్యాంకులో మాత్రం అదీ వద్దు. దానికి జతగా వచ్చిన కమోడ్ ఆ 6 లీటర్ల వేగానికి తగినట్టే తయారై ఉంటుంది. ఒక లీటరు తగ్గిస్తే ఒకసారికి శుభ్రం కాక, రెండోసారి మీట నొక్కవలసి వస్తుంది.

ప్రశ్న: మా ప్రాంతంలో భూగర్భ డ్రైనేజీ లేదు. కొత్త ఇంటికి సెప్టిక్ ట్యాంకు కట్టించాలని మేస్త్రీ, రెండు గుంతల మరుగుదొడ్డి చాలని మా బంధువు చెబుతున్నారు. రెండు గుంతలంటే పాతకాలపు పద్ధతి కాదా? నీటి పొదుపు దృష్టితో చూస్తే ఏది మేలు?

జవాబు: సెప్టిక్ ట్యాంకు మలినాన్ని శుద్ధి చేస్తుందని చాలామంది నమ్ముతారు. నిజానికి అది ఒక తేర్పుడు తొట్టి. బరువైన పదార్థం అడుగుకు దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది, మధ్యనున్న నీరు అవతలి గొట్టం గుండా బయటికి పోతుంది. ఆ నీటిలో కంటికి కనిపించే మురికి తగ్గుతుందే తప్ప రోగకారక క్రిములు చాలావరకు అలాగే ఉంటాయి. కనుక ఆ నీరు తప్పనిసరిగా ఇంకుడు గుంతలోకో, భూమిలో పరచిన ఇంకుడు కాలువలోకో పోవాలి. దాన్ని వీధి కాలువలోకి వదిలితే ఎంత ఖర్చు పెట్టి ట్యాంకు కట్టినా పారిశుద్ధ్యం సగంలో ఆగిపోయినట్టే. పైగా అడుగున చేరిన మడ్డిని రెండు నుంచి ఐదేళ్లకు ఒకసారి తోడించాలి. తోడుకుపోయిన ట్యాంకరు దాన్ని ఎక్కడ పారబోస్తుందన్నది కూడా మీ మరుగుదొడ్డి కథలో భాగమే.

రెండు గుంతల పద్ధతి పాతదని కొట్టిపారేయకండి. డాక్టర్ బిందేశ్వర్ పాఠక్ 1970లో స్థాపించిన సులభ్ సంస్థ విస్తృతంగా వ్యాప్తిలోకి తెచ్చిన ఈ పద్ధతిలో ఇంజినీరింగు కనిపించకుండా దాగి ఉంటుంది. బేసిన్ వాలు బాగా నిటారుగా ఉంటుంది, కింది వంపులో నిలిచే నీటి అడ్డు, అంటే వాటర్ సీల్, 20 మిల్లీమీటర్లే. అందువల్ల ఒకటిన్నర, రెండు లీటర్ల నీరు చెంబుతో పోస్తే చాలు, బేసిన్ శుభ్రపడుతుంది. గుంతల గోడలను ఇటుకల మధ్య ఖాళీలు వదులుతూ జాలీలా కడతారు, అడుగున సిమెంటు వేయరు. నీటిని, వాయువులను చుట్టూ ఉన్న మట్టి పీల్చుకుంటుంది కనుక వాయు గొట్టం అక్కర్లేదు. ఒక గుంతను వాడుతున్నంతకాలం రెండోదాని దారి మూసి ఉంచాలి. మొదటిది నిండాక దారి మార్చి, దాన్ని కదపకుండా వదిలేయాలి.

ఆ విశ్రాంతి కాలమే ఈ పద్ధతికి ప్రాణం. మలంలోని బాక్టీరియా చాలావరకు కొన్ని నెలల్లో చస్తుంది. ఏలికపాముల గుడ్లు మాత్రం గట్టి పెంకుతో మట్టిలో చాలాకాలం బతికి ఉంటాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉష్ణోగ్రత 2 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే ఒకటిన్నర నుంచి రెండేళ్లు, 20 డిగ్రీలు దాటితే ఏడాదికి పైగా నిల్వ ఉంచాలని చెప్పాయి. ఆ తరువాత గుంత తెరిస్తే లోపల ఉండేది నల్లగా, పొడిపొడిగా, వాసన లేని మట్టి. మొదటిసారి చూసినవారు అది ఒకప్పుడు ఏమిటో నమ్మరు.

మేస్త్రీలు చేసే పొరపాట్లు రెండింటిని మీరు దగ్గరుండి చూసుకోండి. రెండు గొట్టాలు చీలే చాంబరులో ఒకదాన్ని మూయకుండా వదిలేస్తే రెండు గుంతలూ ఒకేసారి నిండుతాయి, రెండింటిలోనూ పచ్చి మలమే ఉంటుంది, ఏదీ ఎన్నటికీ మాగదు. ఇక స్నానాల నీటిని కూడా అదే గొట్టంలో కలిపేస్తే గుంత చుట్టూ మట్టి తడిసి ముద్దయి, పీల్చుకోవడం మానేస్తుంది. చీలిక దగ్గర చాంబరు మూతను సిమెంటుతో అతికించనివ్వకండి, దారి మార్చే రోజు అది తెరుచుకోవాలి.

ఇక నేల సంగతి. భూగర్భజలం పైపైనే ఉన్నచోట, పగుళ్లున్న రాతినేలలో, బావికి దగ్గరగా ఈ గుంతలు తవ్వకూడదు. విపత్తుల వేళ సహాయ బృందాలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం గుంతకు, నీటి వనరుకు మధ్య 30 మీటర్ల దూరం, గుంత అడుగుకు, భూగర్భజల మట్టానికి మధ్య కనీసం 1.5 మీటర్ల మట్టి ఉండాలి. మట్టిని బట్టి ఈ దూరాలు మారతాయి గానీ, ఆరంభంలో లెక్క వేసుకోవడానికి ఇవి సరిపోతాయి. మీ నేల ఈ పరీక్షకు నిలిస్తే నా మొగ్గు రెండు గుంతల వైపే. 6 లీటర్ల పని 2 లీటర్లతో అవుతుంది, పచ్చి మడ్డిని ఎవరూ చేత్తో తాకనక్కర్లేదు, ట్యాంకరు కోసం ఎదురుచూడనక్కర్లేదు. నేల నిలవకపోతే నీరు చొరని సెప్టిక్ ట్యాంకు కట్టి, దాని నుంచి వచ్చే నీటిని మరో దశలో వడపోసే ఏర్పాటు చేయించండి.

ప్రశ్న: సెప్టిక్ ట్యాంకులో వేయమని బాక్టీరియా పొడులు అమ్ముతున్నారు. వేస్తే ట్యాంకు తోడించే అవసరం ఉండదా?

జవాబు: ఉంటుంది. ఆ పని చేసే సూక్ష్మజీవులు మలంతోపాటే కోట్లకొద్దీ వచ్చి చేరుతుంటాయి, పొట్లంలో కొని తేనక్కర్లేదు. కుళ్లని మడ్డి ఎంత పొడి వేసినా అడుగున పేరుకుంటూనే ఉంటుంది. ఘాటైన యాసిడ్లు, బ్లీచింగ్ ద్రావణాలు మోతాదు మించి కుమ్మరించకుండా ఉంటే చాలు.

ప్రశ్న: స్నానాల నీరు, బట్టలు ఉతికిన నీరు మొక్కలకు మళ్లిస్తున్నాం. మొదట్లో బాగానే ఉంది, ఇప్పుడు మట్టి పైన గట్టి పొర కట్టి, నీరు ఇంకడం లేదు. సబ్బు వల్లనా?

జవాబు: సబ్బులో, ముఖ్యంగా బట్టల పొడిలో ఉండే సోడియం వల్ల కావచ్చు. బంకమట్టి రేణువులను గుత్తులు గుత్తులుగా పట్టి ఉంచేది కాల్షియం. సోడియం ఎక్కువైతే ఆ పట్టు వదిలి రేణువులు విడిపోతాయి, నీరు దిగే సందులన్నీ పూడుకుపోతాయి, ఎండగానే పైన చెక్కు కడుతుంది. ఉతికిన మొదటి నీటిని మురుగులోకే వదిలేసి, జాడించిన చివరి నీటిని మాత్రం మళ్లించండి. ఒకే పాదుకు రోజూ కాకుండా చోటు మారుస్తూ పోయండి. నాలుగైదు తడులకు ఒకసారి మంచినీరు బాగా పారిస్తే పేరుకున్న లవణాలు కిందికి దిగుతాయి.

ఇంటి మురుగులో మరుగుదొడ్డి నీరు కాక మిగిలినది, అంటే స్నానం, ఉతుకు, వంటగది నీరు, మొత్తంలో 50 నుంచి 80 శాతం దాకా ఉంటుంది. అందుకే దీని మీద ఇంత ఆశ. కానీ ఈ మూడూ ఒకటి కావు. స్నానాల నీరు అన్నిటికన్నా తేలిక, వంటగది నీరు అన్నిటికన్నా కష్టం, దానిలోని జిడ్డు గొట్టాలనూ మట్టినీ పూడ్చేస్తుంది. పసిపిల్లల గుడ్డలు ఉతికిన నీటిని మరుగుదొడ్డి నీటితో సమానంగానే చూడాలి. ఏ నీటినైనా 24 గంటలకు మించి నిల్వ చేయకండి. ప్రాణవాయువు అయిపోగానే అది కుళ్లి, క్రిములు పెరిగి, మరుసటి రోజుకి మురుగుకు ఏమాత్రం తీసిపోదు. ఆకుల మీద పడకుండా మొక్క మొదలు దగ్గరే పోయండి, పచ్చిగా తినే ఆకుకూరలకు అసలు వద్దు.

మొక్కలు పెద్దగా లేనివారికి ఇంకో దారి ఉంది, జాడించిన నీటిని బకెట్లో పట్టి మరుగుదొడ్డిలో పోయడం. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం తీవ్రమైన కరవులో మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టినప్పుడు అక్కడి ఇళ్లు చేసిన పని ఇదే. ఒక్క జాగ్రత్త, ఆ నీటిని నేరుగా కమోడ్‌లోకే పోయండి, ట్యాంకులోకి కాదు. సబ్బు మడ్డి వాషరుకు పడితే మళ్లీ మొదటి ప్రశ్నకే వస్తాం.

ప్రశ్న: మూత్రాన్ని విడిగా పట్టే మరుగుదొడ్ల మీద విదేశాల్లో ఎన్నో ఏళ్లుగా పరిశోధన జరుగుతోందని చదివాను. అంత మేలైనదైతే ఇళ్లలోకి ఎందుకు రాలేదు? ఇది పరిశోధకుల ముచ్చట మాత్రమేనా?

జవాబు: ఈ సంచికలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది. ముందు లెక్క చూడండి. ఒక మనిషి ఏడాదికి దాదాపు 500 లీటర్ల మూత్రం విసర్జిస్తాడు. ఇంటి మురుగునీటి మొత్తంలో అది ఒక శాతమైనా ఉండదు. కానీ ఆ మురుగులోని నత్రజనిలో సుమారు 80 శాతం, భాస్వరంలో సుమారు సగం అందులోనే ఉంటాయి. మురుగు శుద్ధి కేంద్రాలు భారీగా విద్యుత్తు ఖర్చు చేసి తొలగించే నత్రజనిలో అధిక భాగం ఈ కొద్దిపాటి ద్రవం తెచ్చిపెట్టినదే. దాన్ని వందరెట్ల నీటిలో కలిపి, తరువాత విడదీయడానికి పాట్లు పడటం కంటే మొదటే కలపకుండా ఉంటే మేలు కదా అన్నదే ఈ పరిశోధన మొత్తానికి మూలం. విడిగా పడితే ప్రతి మూత్రవిసర్జనకూ లీటర్లకొద్దీ నీరు పోయనక్కర్లేదు కనుక నీటి పొదుపు కూడా దానితోనే వస్తుంది.

స్విట్జర్లాండ్‌లోని ఈవాగ్ పరిశోధన సంస్థ 2000 నుంచి 2006 వరకు నోవాక్వాటిస్ పేరుతో దీన్ని ఇళ్లలో, కార్యాలయాల్లో పరీక్షించింది. వాడినవారు ఆలోచనను మెచ్చుకున్నారు, గొట్టాలు మాత్రం మొరాయించాయి. మూత్రంలోని యూరియాను యూరియేజ్ అనే ఎంజైము విడగొడితే అమ్మోనియా పుడుతుంది, క్షారత్వం పెరిగి పీహెచ్ 9 దాకా పోతుంది. ఆ స్థితిలో మెగ్నీషియం, అమ్మోనియం, భాస్వరం కలిసి స్ట్రూవైట్ అనే గట్టి స్ఫటికంగా మారి గొట్టం గోడలకు అంటుకుంటాయి. మలుపుల దగ్గర గొట్టం లోపలి వ్యాసం నెలనెలా కుంచించుకుపోతుంది. చిత్రమేమిటంటే గొట్టాన్ని పూడ్చే ఈ స్ట్రూవైటే పొలానికి మంచి ఎరువు. గొట్టంలో అయితే శత్రువు, తొట్టిలో మెగ్నీషియం కలిపి కావాలని పుట్టిస్తే సరుకు.

రెండో ఇబ్బంది బేసిన్ ఆకారం. ముందుభాగం మూత్రానికి, వెనుకభాగం మలానికి అని రెండుగా విడగొట్టిన బేసిన్‌లో పిల్లలకు గురి కుదరదు, మగవారు కూడా కూర్చునే వాడాలి. ఈ చిక్కును ఆస్ట్రియాకు చెందిన ఇయోస్ డిజైన్ సంస్థ తెలివిగా విప్పింది. టీ పోస్తున్నప్పుడు కెటిల్ మూతి అంచును పట్టుకుని టీ కిందికి జారుతుంది చూడండి, అదే ఉపాయం. మెల్లగా జారే మూత్రం బేసిన్ లోపలి అంచును అంటుకుని పక్కనున్న చీలికలోకి పోతుంది, వేగంగా వచ్చే ఫ్లష్ నీరు దాన్ని దాటి దూకుతుంది. దీని ఆధారంగా లౌఫెన్ సంస్థ 2019లో మామూలు కమోడ్‌లాగే కనిపించే కమోడ్‌ను మార్కెట్లోకి తెచ్చింది.

మూడోది అన్నిటికన్నా కఠినం, మనుషుల మనసు. దక్షిణాఫ్రికాలో 2000లో కలరా విజృంభించాక డర్బన్ నగరాన్ని చూసే ఇథెక్విని నగరపాలక సంస్థ, మురుగు గొట్టాలు చేరలేని శివార్లలో 75,000కు పైగా ఇళ్లకు నీరు అక్కర్లేని, మూత్రం విడిగా పోయే మరుగుదొడ్లు కట్టించింది. సాంకేతికంగా పని జరిగింది. కానీ ఎండిన మలాన్ని తామే తీయవలసి రావడం చాలామందికి నచ్చలేదు. ఉన్నవారికి ఫ్లష్ ఇచ్చి తమకు ఇది ఇచ్చారన్న బాధ ఇంకా లోతుగా దిగింది. నా దృష్టిలో ఈ పరిశోధన నేర్పిన అసలు పాఠం రసాయన శాస్త్రంలో లేదు, ఇక్కడ ఉంది.

ముచ్చట మాత్రమేనా అంటే, కాదు. ఈవాగ్ పరిశోధకులు డర్బన్‌లోనూ స్విట్జర్లాండ్‌లోనూ చేసిన పనుల నుంచి మూత్రంలోని అమ్మోనియాను సూక్ష్మజీవులతో స్థిరపరచి, మందుల అవశేషాలను ఉత్తేజిత బొగ్గుతో వడపోసి, ఆవిరి పట్టి చిక్కబరిచే పద్ధతి తయారైంది. అలా వచ్చిన ఆరిన్ అనే ద్రవ ఎరువుకు 2018లో స్విస్ ప్రభుత్వం అన్ని పంటలకూ అనుమతి ఇచ్చింది. స్వీడన్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మరో దారి పట్టింది. తాజా మూత్రానికి క్షారం కలిపితే యూరియేజ్ పని ఆగిపోతుంది, అప్పుడు నీటిని ఆరబెట్టి ఎరువును పొడిగా మిగల్చవచ్చు. మోసుకుపోవలసిన బరువు తగ్గడమే అందులో పెద్ద లాభం.

ఇంటి స్థాయిలో ఇప్పుడే ప్రయత్నించాలనుకుంటే, తమ ఇంటివారు తినే పంటకు నిల్వ ఉంచని మూత్రాన్నయినా వాడుకోవచ్చనీ, చివరిసారి పోశాక కోతకు నెల రోజుల ఎడం ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టండి, లేకపోతే అమ్మోనియా ఎగిరిపోయి వాసన మీకు, నష్టం మొక్కకు. కొన్ని రెట్ల నీరు కలిపి మొక్కకు కాస్త ఎడంగా మట్టిలో పోసి, పైన మట్టి కప్పండి. ఈ బాదరబందీ వద్దనుకునేవారు, కొత్తగా ఇల్లు కడుతున్నవారైతే, ఒక్కటి చేయండి. స్నానాల నీటి గొట్టాన్ని మరుగుదొడ్డి గొట్టంతో గోడలోనే కలపనివ్వకుండా, వంపులు తక్కువగా, వాలు ధారాళంగా ఉంచి బయటి చాంబరు దాకా విడిగా తెప్పించండి. గోడకు పూత పూసేలోపు గొట్టాలు ఎటు పోతున్నాయో ఫోటో తీసి పెట్టుకోండి.